పాప ముక్కు ఎత్తులో

గాలక్కకి పుట్టుకతోనే మొహమాటం లేదని ఆమె అత్తగారి అభిప్రాయం. పుట్టినప్పుడు ఉండే ఉంటుందనీ, ఆ ఉద్యోగంలో పడి అరిగిపోయిందనీ మొగుడి అభిప్రాయం. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు పుచ్చుకోదు, కుర్చీ వేస్తే కూర్చోదు. "మా ఇల్లు బాగుందాండీ?" అని మర్యాదకి అడిగితే, "ఇంకా తేలలేదండీ" అంటుంది. ఇలాంటి మనిషిని కోరి ఇంటికి పిలిచేవాళ్ళుంటారా అంటే, ఉంటారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పిలుస్తారు.

ఆమె పని గాలిని పరీక్షించడం, ఆ పేరూ అందుకే వచ్చింది. బ్యాటరీలు విప్పే షెడ్లలో, ఇత్తడి కరిగించే కొలుముల దగ్గర, పాత ట్యూబులైట్లు పగలగొట్టే గోడౌన్లలో మనుషులు పీల్చే గాలిలో సీసం ఉందా, పాదరసం ఉందా అని చేతిలో పట్టుకునే చిన్న యంత్రాలతో చూసి చెప్పడం. ఒకసారి ఒక షెడ్డు యజమాని ఆమె వస్తోందని తెలిసి గదంతా సెంటు కొట్టించాడు. "ఇప్పుడు గాలి ఘుమఘుమలాడుతోంది కదండీ" అన్నాడు. "విషానికి వాసనే ఉంటే నాకీ ఉద్యోగం ఎందుకిస్తారండీ?" అని ఆవిడ యంత్రం తీసింది. ఆ షెడ్డు ఆ వారమే మూతపడింది.

ఆమె చదువుకుని ఈ పనిలోకి వచ్చిన మనిషి కాదు. తనిఖీ ఆఫీసు స్టోరు గదిలో గుమాస్తాగా చేరింది. అక్కడ బీరువా మీద గాలిని కొలిచే సూట్‌కేసంత పెట్టె ఒకటి దుమ్ము కొట్టుకుపోయి ఉండేది. దాన్ని వాడటం తెలిసినాయన రిటైరయ్యాడు, ఆయన జాగాలో రావలసినాయన రాలేదు. "మనకెందుకమ్మా, దాని మానాన దాన్ని ఉండనీ" అన్నారు అందరూ. కానీ ఆమె తండ్రి రేడియోలు బాగుచేసేవాడు. మూత విప్పని పెట్టె ఇంట్లో ఉంటే ముద్ద దిగని వంశం వాళ్ళది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ పెట్టెతో వచ్చిన పుస్తకం చదివింది. తెలియని చోట తయారుచేసిన కంపెనీకి ఫోన్ చేసి, వాళ్ళు విసుక్కున్నా వినిపించుకోకుండా మళ్ళీ అడిగింది. ఆ సూట్‌కేసు కాలక్రమంలో చేతిలో ఇమిడే డబ్బా అయ్యేసరికి, ఆమె లేకుండా ఇన్‌స్పెక్టర్లు గుమ్మం దాటడం మానేశారు.

ఆమె భర్త దర్జీ. యంత్రానికి దూది పెట్టి, లోపల అరలు తీసి, చంటిపిల్లకి గౌను కుట్టినంత శ్రద్ధగా ఒక సంచీ కుట్టిచ్చాడు. "నన్ను ఇంత భద్రంగా ఎప్పుడైనా మోశావా?" అని వేళాకోళం చేస్తాడు. "నువ్వు కింద పడినా పనిచేస్తావుగా" అంటుంది ఆవిడ.

ఆమె పద్ధతులు ఆమెవి. ఏ ఇంటికి వెళ్ళినా ముందు వీధిలో నిలబడి యంత్రం ఆన్ చేస్తుంది. బయటి గాలి ఎంత చూపిస్తోందో తెలియకుండా లోపలి గాలి గురించి మాట్లాడకూడదంటుంది. చూసేవాళ్ళు ఫొటో తీస్తోందనుకుని జుట్టు సవరించుకుంటారు. లోపలికి వెళ్ళాక తొందరపెడితే ఒప్పుకోదు. ఆమెతో వెళ్ళిన డ్రైవర్లు నిద్రపోయి, లేచి, మళ్ళీ నిద్రపోయిన సందర్భాలున్నాయి. నిజం చెప్పాలంటే, విసుగెత్తించే మనిషి. అయితే ఆ విసుగు వల్ల బతికిన వాళ్ళని వరసగా నిలబెడితే వీధి చివరిదాకా ఉంటారు. అందులో అందరికన్నా చిన్నది ఒక పాప.

ఒక పొద్దున ఆసుపత్రి నుంచి పిల్లల డాక్టరమ్మ ఫోన్ చేసింది. నడక రాని పాప, ఇంకా పాకే వయసు. రాత్రీ పగలూ ఏడుపే. నిద్ర లేదు, పాలు తాగదు, ఒళ్ళంతా చెమట. చేతులూ కాళ్ళూ గులాబీ రంగు తిరిగితే ఇంట్లోవాళ్ళు మురిసిపోయారట, చర్మం పొరలుగా ఊడటం మొదలయ్యాక పరిగెత్తుకొచ్చారు.

"నాకు పాదరసం మీద అనుమానం. రక్తం పరీక్షకి పంపాను. అది ఒంట్లో ఉందో లేదో చెప్తుంది గానీ ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పదు కదా. ఇక్కడికొచ్చిన రెండు రోజుల్లోనే కాస్త తెరిపిన పడింది. ఇక ఇంటికి తీసుకెళ్తామని గొడవ చేస్తున్నారు. ఆ ఇంట్లోనే ఉంటే? మళ్ళీ అదే గాలిలోకి పంపినట్టే. నువ్వొకసారి చూసి, బాగుందంటే పంపుతా. లేదంటే లేదు" అంది డాక్టరమ్మ.

"ఇంట్లో ఎవరైనా పాదరసంతో పని చేస్తారా?"

"తాతగారు బంగారప్పని చేసేవారట. మానేసి చాలా ఏళ్ళయిందంటున్నారు. ఇప్పుడు ఇంట్లో చుక్క కూడా లేదని ఒట్టేసి చెప్తున్నారు."

గాలక్క ఫోన్ పెట్టేసి సంచీలో యంత్రం సర్దుకుంది. షెడ్లు మూయించడం ఆమెకి ఒక లెక్క కాదు. ఒక పాపని ఏ ఇంటికి పంపాలో తన నోటి మాట మీద ఆధారపడటం వేరు. ఆమెకి భయం వేసింది.

మర్నాడు పొద్దున ఆ ఇంటికి వెళ్ళింది. ఇరుకు సందులో నిలువుగా లేచిన ఇల్లు అది. తాతగారూ, నాయనమ్మా, బజార్లో నగల దుకాణం నడిపే కొడుకూ, కోడలూ, ఈ పాపా, అంతే సంసారం. పాప దగ్గర తన అక్కని కూర్చోబెట్టి కోడలు ఇంటికొచ్చింది. మనిషి నిద్రలేక పీక్కుపోయి ఉంది.

ఇల్లు మాత్రం అద్దంలా ఉంది. మెట్లు తడిగుడ్డతో తుడిచారు. కిటికీలన్నీ బార్లా తెరిచారు. నాయనమ్మ గడప దగ్గరే ఎదురొచ్చి, "మా ఇంట్లో విషమేంటమ్మా? నువ్వే చూడు, ఎక్కడైనా మరక ఉందేమో!" అంది. ఆవిడ బాధల్లా పాప జబ్బు ఒక్కటే కాదు, తన ఇంటి శుభ్రాన్ని ఎవరో అనుమానించడం కూడా.

గాలక్క పని మొదలుపెట్టింది. వంటగది, మెట్ల కింద అర, తాతగారి గది, బీరువాల వెనక. యంత్రం చిన్నగా గురక పెడుతూ గాలి పీల్చడం, అంకె చూపించడం. వీధిలో ఎంతో ఇక్కడా దాదాపు అంతే. ఆఖరున పైన పాప గది. ఇంట్లో అన్నిటికంటే పెద్ద గది అదే. తెల్ల సున్నం, కొత్త ఉయ్యాల, నేలంతా మెత్తటి తివాచీ, దాని మీద బొమ్మలు. కిటికీలోంచి గాలి ధారాళంగా వీస్తోంది. ఇక్కడ అంకె ఒక్క పిసరు ఎక్కువ. ఉందంటే ఉంది, లేదంటే లేదు.

"చూశారా! ఇక ఇల్లు బాగుందని రాసిచ్చేయండి. పాపని ఈ పూటే తెచ్చుకుంటాం" అన్నాడు కొడుకు.

రాసివ్వచ్చు. చాలామంది రాసిచ్చేవాళ్ళే. అంకె అలాగే ఉంది మరి. గాలక్క కోడలి వైపు తిరిగింది. "పాప ఉన్నప్పుడు ఈ గది ఇలాగే ఉంటుందామ్మా?"

కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు కిటికీ వైపు చూసింది.

"లేదక్కా" అంది కోడలు చివరికి. "కిటికీలు అసలు తెరవం. పాపకి చలేస్తుందని ఎప్పుడూ హీటరు వేసి ఉంచుతాం. మీరొస్తున్నారని అత్తయ్య నిన్నటినుంచీ అన్నీ తెరిపించారు."

"ఇంటికి మనిషొస్తుంటే ఉక్కబోసిన గది చూపిస్తామా?" అంది అత్తగారు.

ఆవిడని ఏమంటాం? పరువుగల ఇల్లాలు ఎవరైనా అదే చేస్తుంది. ఆ పరువు కోసం తెరిచిన కిటికీల వల్లే పాపని మళ్ళీ ఈ గదిలోకి తెచ్చి పడుకోబెట్టేవాళ్ళు.

"కిటికీలు మూసేయండి. హీటరు రోజూ ఎక్కడ పెడతారో అక్కడే పెట్టండి. రోజూ ఎంత వేడి ఉంటుందో అంతే. నేను బయట ఉంటాను" అంది గాలక్క.

"ఎంతసేపు?" అన్నాడు కొడుకు.

"గది గదిలా అయ్యేదాకా."

కొడుకు కాలుగాలిన పిల్లిలా మెట్ల మీద పైకీ కిందకీ తిరిగాడు. గాలక్క మాత్రం తలుపు బయట గోడకి ఆనుకుని నిలబడింది. తాతగారు వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. బక్కపలచటి మనిషి, తెల్లటి మీసం. చేతులు రెండూ ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టి అదిమి పట్టుకున్నాడు. పై చేయి వణుకుతోంది, దాని కింద చేయి కూడా వణుకుతోంది. వయసు మీద పడిందని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు, ఆయన కూడా అదే అనుకుంటున్నాడు.

తలుపు తెరిచి లోపలికి వెళ్ళేసరికి గది కుంపటిలా ఉంది. గాలక్క యంత్రాన్ని గుండెల ఎత్తున పట్టుకుంది. అంకె కదిలింది, కాస్త పెరిగి ఆగింది. ఉండకూడనిదే, కానీ ఒక పసిపిల్లని ఇంతలా బాధపెట్టేంత కాదు. ఆమె ఆ అంకె వైపు చూసింది, నేల మీద బొమ్మల వైపు చూసింది. రబ్బరు బాతు, చెక్క గిలక, చప్పరించి చప్పరించి రంగు పోయిన గుడ్డ కుందేలు. అన్నీ తివాచీ మీదే ఉన్నాయి. అప్పుడు ఆమెకి తన మీద తనకే చిరాకేసింది. పాప తన గుండెల ఎత్తున ఎప్పుడు తిరిగిందని?

చీర కుచ్చిళ్ళు దోపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, అక్కడినుంచి బోర్లా పడుకుంది. గడ్డం తివాచీకి ఆనించి, యంత్రాన్ని ముక్కు ముందు పట్టుకుని, బాతు దగ్గర్నుంచి కుందేలు దగ్గరికి మోచేతుల మీద పాకడం మొదలుపెట్టింది.

"ఇదేం పనమ్మా! పెద్దదానివి" అంది నాయనమ్మ గుమ్మంలోంచి. కొడుక్కి ఆ కంగారులోనూ నవ్వొచ్చింది. కోడలు ఒక్కతే నవ్వలేదు. ఆమెకి అక్కడ పాకుతున్నది ఎవరో కనబడుతోంది.

అంకె ఎక్కుతోంది. బాతు దగ్గర రెట్టింపు, కుందేలు దగ్గర దానికి ఎన్నో రెట్లు. హీటరు పక్కన, పాపకి వెచ్చగా ఉంటుందని దుప్పటి పరిచిన చోట అంకె ఆగనే లేదు. గాలక్క లేచి తివాచీ అంచు పట్టి లాగింది. కింద చెక్క నేల. పలకకీ పలకకీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు. సందులో గాలి పీల్చే గొట్టం పెట్టగానే యంత్రం అంకె చూపించడం మానేసి, ఇక నా వల్ల కాదన్నట్టు గీతలు గీసింది.

"ఈ చెక్కల కింద ఏముంది?"

"ఏముంటుంది, మట్టీ మశానమూ" అన్నాడు కొడుకు.

"ఏమీ లేదు" అన్నాడు తాతగారు, అంతకంటే తొందరగా.

ఆ తొందర గాలక్క చెవిన పడింది. ముక్కుసూటి మనిషి కదా, గద్దించి అడుగుతుందనుకుంటాం. కానీ అడగలేదు. అందర్నీ గదిలోంచి బయటికి పంపి, హీటరు తీసి, కిటికీలు తెరిచి, వెళ్ళి మెట్టు మీద ఆయన పక్కన కూర్చుంది. ఎవరింట్లోనూ కూర్చోని మనిషి.

ఆయనే అడిగాడు. "ఆ డబ్బా అబద్ధం చెప్పదా తల్లీ?"

"ఎందుకు చెప్తుంది బాబాయ్? దానికి మనలా మొహమాటాలుంటాయా?"

"కంటికి కనబడనిది దానికెలా తెలుస్తుంది?"

"లోపల బంగారు రేకు ఉంటుంది బాబాయ్. వెంట్రుక కంటే పల్చన. గాలిని పీల్చి ఆ రేకు మీదగా పంపుతుంది. గాలిలో పాదరసం ఉంటే దానికి అంటుకుపోతుంది. అప్పుడు రేకులో కరెంటు నడక మారుతుంది. ఎంత మారిందో అదే అంకె."

తాతగారు తల తిప్పి యంత్రం వైపు చూశాడు. ఆయనకి కరెంటు సంగతి తెలియదు. కానీ బంగారానికీ పాదరసానికీ ఉన్న సంగతి ఆ వీధిలో ఆయన కంటే తెలిసినవాడు లేడు. బంగారాన్ని పాదరసంలో వేసి వెన్నముద్దలా చేసి, ఇత్తడి మీద పూసి, నిప్పు మీద పట్టేవాడు ఆయన. పాదరసం ఆవిరై పోయేది, బంగారం మెరుస్తూ నిలిచేది. వయసంతా ఆ పొగ ముందే గడిపాడు.

"బంగారం కనబడితే అది వదలదు" అన్నాడు మెల్లిగా. "అది అబద్ధం చెప్పదు."

ఆ తర్వాత ఆపకుండా చెప్పేశాడు. "అది నా పనిగది తల్లీ. గచ్చు మీద ఆ చెక్కలు నేనే వేయించాను. సందులు కావాలనే ఉంచాను. ఆకురాయి పట్టినప్పుడు రాలిన రజను, అదే బంగారప్పొడి, కాళ్ళకంటి బయటికి పోకూడదు కదా, సందుల్లోంచి కింద పడాలి. మా గురువుగారింట్లోనూ అంతే. పని మానేసినప్పుడు అందరూ చెక్కలెత్తి రజను కడుక్కుంటారు. నేను ఎత్తలేదు. ఉండనీ, వెనకాల వాళ్ళకి ఉంటుందిలే అనుకున్నాను. మనవరాలు పుట్టాక ఆ గది దానికే ఇమ్మన్నాను. నా మనవరాలు బంగారం మీద పాకుతోందని..." ఆయన పాప గది వైపు చూశాడు. "రజనుతో పాటు పాదరసం కూడా పడి ఉంటుందని తోచనేలేదు."

"నాతో కూడా చెప్పలేదే!" అంది నాయనమ్మ కింది మెట్టు మీదనుంచి.

"రజను సంగతి పెళ్ళానికి కూడా చెప్పకూడదంటారు మా పనిలో."

ఇంకో రోజైతే ఈ మాటకి ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఆరోజు నాయనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఊరుకుంది.

గాలక్క మళ్ళీ గదిలోకి వెళ్ళి టార్చి వేసి సందులోకి చూసింది. బూడిదరంగు దుమ్ములో గుండుసూది తలంత చుక్కలు తెల్లగా మెరిశాయి. ఇక ఆమె గొంతు మారింది. చిలక్కి చెప్పినట్టు ఒక్కొక్కటే చెప్పింది. ఎవరూ ఊడవకూడదు, దులపకూడదు, ఊడ్చే మిషను పెడితే మరీ ప్రమాదం. గది తలుపు మూసి కింద గుడ్డలు కుక్కాలి. ఈ పని తెలిసినవాళ్ళు ముసుగులేసుకుని వచ్చి చెక్కలెత్తుతారు. అందాకా ఇంట్లో ఎవరూ ఉండకూడదు. పాప బట్టలూ బొమ్మలూ ఏవీ వెంట తీసుకెళ్ళకూడదు. కోడలు గుడ్డ కుందేలు వైపు ఒకసారి చూసి తల ఊపింది.

"మరి ఆ రజను..." అన్నాడు కొడుకు.

"నోరు ముయ్యరా. బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా?" అన్నాడు తాతగారు.

అందరూ కిందికి దిగుతుంటే ఆయన ఆగిపోయాడు. గాలక్క సంచీ భుజానికి తగిలించుకుంటోంది.

"నా వల్లే కదూ?"

లేదని చెప్పడం ఎంత సులువు! ఎవరున్నా లేదనే చెప్పేవాళ్ళు. పెద్దవాడు, మనవరాలి మీద ప్రాణం పెట్టుకున్నవాడు, ఒక అబద్ధం ఆడితే కొంప మునిగేదేముంది?

"అవును బాబాయ్, మీ వల్లే" అంది గాలక్క. "ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసింది కూడా మీ వల్లే. మీరు చెప్పకపోతే నేను ఆ ఒక్క సందూ కడిగించి, బాగుందనేదాన్నేమో. మీ చేతులు కూడా డాక్టరమ్మకి చూపించండి. అది వయసో, ఇదో, తేల్చాల్సింది ఆవిడ. నా పని గాలి వరకే."

ఆయన ఆమె దగ్గరికి నడిచాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. అబద్ధం ఆడనందుకే వేసి ఉంటాడు.

సాయంత్రం గాలక్క ఆసుపత్రికి వెళ్ళి డాక్టరమ్మకి అంతా చెప్పింది. పాపని ఆ ఇంటికి పంపేది లేదని తేలిపోయింది. కోలుకోవడానికి నెలలు పడుతుందనీ, కానీ కోలుకుంటుందనీ డాక్టరమ్మ కోడలికి చెప్పింది. మధ్యాహ్నం దాకా రాతిబొమ్మలా ఉన్న కోడలు అప్పుడు భోరుమంది. గాలక్కకీ కళ్ళు చెమర్చాయి. తుడుచుకోవడానికి మొహం పక్కకి తిప్పుకుంటే, వరండా చివర తాతగారు కనబడ్డాడు.

లోపలికి రావడం లేదు. స్తంభం చాటున నిలబడి ఉన్నాడు. తల తడిగా ఉంది. ఒంటి మీద మడతలు విప్పని కొత్త చొక్కా, కొత్త పంచె. ఇంట్లో బట్టలకి అంటి ఉంటుందేమోనని దుకాణంలో కొనుక్కుని, దారిలో కొడుకు స్నేహితుడింట్లో తలారా స్నానం చేసి వచ్చాడట. కోడలు పాపని ఎత్తుకుని ఆయన వైపు నడిచింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దమ్మా, ఆగు. ముందు ఆవిణ్ణి నన్ను చూడనీ" అన్నాడు.

పొద్దుటి పనితో యంత్రంలో రేకు నిండిపోయి ఉంది. గాలక్క వరండాలో ప్లగ్గు వెతికి, రేకుని వేడిచేసి, పట్టుకున్న పాదరసాన్ని పూర్తిగా వదిలించింది. దానికి కాస్త సమయం పట్టింది. ఆ కాసేపూ ఆయన కదలకుండా నిలబడ్డాడు, తాతని చూసి పాప చేతులు చాస్తున్నా కదల్లేదు. యంత్రం సిద్ధమయ్యాక ఆమె దాన్ని ఆయన జుట్టు దగ్గర పట్టుకుంది. మీసం దగ్గర, చొక్కా కాలరు దగ్గర, చాతీ మీద. ఆయన రెండు చేతులూ ముందుకు చాచాడు, అరచేతులు తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. అవి వణుకుతున్నాయి. గాలక్క ఒక్కో వేలి దగ్గరా ఆగి చూసింది.

"వీధిలో గాలికీ మీకూ తేడా లేదు బాబాయ్."

"ఎత్తుకోవచ్చా?"

"కూర్చుని ఎత్తుకోండి."

ఆయన గోడకి వీపు ఆనించి వరండా నేల మీద చతికిలబడ్డాడు. కోడలు పాపని ఆయన ఒళ్ళో పెట్టింది. పాప ఒక క్షణం ఆయన మీసం వైపు చూసి, మొహం ముడుచుకుని, మళ్ళీ ఏడుపు అందుకుంది. నర్సు గిలక పట్టుకుని వచ్చింది. నాయనమ్మ "ఊరుకో తల్లీ, ఊరుకో" అంటూ వంగింది. ఆయన వాళ్ళని చేత్తో ఆపాడు.

"ఏడవనీండి" అన్నాడు. పాప తలని గుండెకి ఆనించుకుని, దాని చెవి దగ్గర నోరు పెట్టి, "చెప్పావు బంగారూ. ఇన్నాళ్ళూ చెప్తూనే ఉన్నావు. మాకే వినపడలేదు" అన్నాడు.